హంగుల్ వరుస: గుణింతం వచ్చినవాళ్లు కొరియన్ అక్షరాలు నేర్చుకునే పద్ధతి

హంగుల్ అంటే కొరియన్ లిపి. దాని అక్షరాలను గుర్తుపట్టడం పెద్ద పనేం కాదు, ఓపిగ్గా కూర్చుంటే వారం పది రోజుల్లో వస్తుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. నిఘంటువులో ఒక మాట వెతకమంటే పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఉండిపోతారు. కారణం, అక్షరాలను ఇంగ్లీషు ఏబీసీడీల్లా ఒకే వరుసలో బట్టీ పట్టడం. కొరియన్ వరుస అలా నడవదు. మన గుణింతంలా నడుస్తుంది: ముందు హల్లు, ఆ హల్లు కింద అచ్చుల వరుస, ఒక్కో అచ్చు కింద మళ్లీ పొల్లు హల్లుల వరుస. ఈ మూడంచెలు పట్టుబడితే శ్రీసిటీలోనో చెన్నై శివార్లలోనో కొరియా కంపెనీ పనికి వెళ్లే సూళ్లూరుపేట, నాయుడుపేట కుర్రాళ్లకైనా, ఒంగోల్లో కూర్చుని కొరియన్ సీరియళ్లు చూసే పిల్లలకైనా నిఘంటువు భయం పోతుంది.

చిన్నపిల్లలు లెక్కలు చేసే పెద్ద గళ్ల నోటుపుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి తెచ్చుకోండి. నాలుగు గళ్లను కలిపి ఒక పెద్ద గడి అనుకుని, అందులో ఒక్క ముక్క రాయాలి. ముక్క అంటే హల్లు, దాని అచ్చు, ఉంటే పొల్లు హల్లు కలిసిన గుంపు. గీతల పుస్తకంలో మొదలుపెడితే ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి, కొలత ఎప్పటికీ కుదరదు. ఇక్కడ అక్షరాల ఆకారాలను మాటల్లోనే చెబుతున్నాం కాబట్టి చదువుతూ గీయండి, చదివేసి కాదు.

ఉచ్చారణకు ఒక ఒప్పందం. ఒత్తు లేని మామూలు హల్లులను గ, ద, బ, జ అనీ, గాలి వదిలే వాటిని ఖ, థ, ఫ, ఛ అనీ, బిగించి పలికే వాటిని క్క, త్త, ప్ప, చ్చ, స్స అనీ రాస్తున్నాం. ఇప్పటి కొరియన్ రాతలో అచ్చుల పొడవు చూపరు. అందుకని ఇక్కడ ‘ఆ’ అని రాసినది నోరు బాగా తెరిచి పలికే అచ్చే తప్ప, సాగదీయమని కాదు.

హల్లుల ఆకారాలు

కొరియా రాజు సెజోంగ్ 1443లో ఈ లిపిని తయారుచేసి, 1446లో ప్రకటించాడు. అప్పుడు 28 అక్షరాలు. నాలుగు వాడుకలోంచి పోగా ఇప్పుడు మిగిలినవి 24: హల్లులు 14, అచ్చులు 10. హల్లులను నోట్లో నాలుక, పెదవి, పన్ను, గొంతు ఉండే తీరును బట్టి గీశామని 1446 నాటి వివరణ గ్రంథంలోనే ఉంది. అందువల్ల అయిదు మూలాక్షరాలు నేర్చుకుంటే, మిగతావి దాదాపుగా వాటికి గీతలు చేర్చగా వచ్చినవే.

గియక్: ఎడమ నుంచి కుడికి అడ్డగీత గీసి, పెన్సిలు ఎత్తకుండా కుడి చివర నుంచి కిందికి దించాలి. నాలుక మొదలు పైకి లేచి గొంతుకు అడ్డం పడిన ఆకారం ఇది. దాని మధ్యలో ఇంకో అడ్డగీత పెడితే ఖియుక్.

నియున్: పైనుంచి కిందికి దించి, ఎత్తకుండా కుడికి లాగాలి. నాలుక కొన పై చిగురుకు తగిలిన తీరు. దాని నెత్తిన అడ్డగీత పెడితే దిగుత్. ఆ పై గీతకూ కింది గీతకూ నడుమ మరొకటి చేరిస్తే థియుత్.

మియుమ్ చదరపు పెట్టె, అంటే నోరు. పెట్టె కదా అని ఒకే చుట్టులో గీయకూడదు. ముందు ఎడమ నిలువుగీత, తర్వాత పై గీతా కుడి గీతా కలిపి ఒక్కటిగా, చివరికి అడుగు గీత. ఇక బియుప్‌లో రెండు నిలువుగీతలు, నడుమ ఒక అడ్డగీత, అడుగున ఒక అడ్డగీత ఉంటాయి. నిలువుగీతల తలలు పైకి పొడుచుకొస్తాయి. ఫియుప్‌లో పైనా కిందా రెండు పొడవాటి అడ్డగీతలు, వాటి మధ్య రెండు నిలువుగీతలు. ఇక్కడ పొడుచుకొచ్చేవి అడ్డగీతల చివరలు.

షిఒత్: పైనుంచి ఎడమకు ఏటవాలుగా ఒక గీత, దాని పైభాగం నుంచి కుడికి ఇంకో ఏటవాలు గీత. ఇది పన్ను. నెత్తిన అడ్డగీత పెడితే జియుత్, దాని మీద ఇంకో చిన్న గీత పెడితే ఛియుత్. స పక్కన ఇ వస్తే కొరియన్లు షి అంటారు, అందుకే ఈ అక్షరం పేరు షిఒత్.

ఇయుంగ్: గొంతు, అంటే సున్నా. పైనుంచి మొదలుపెట్టి ఎడమవైపుగా తిప్పుతూ చుట్టాలి. దాని మీద అడ్డగీత, ఆ పైన చిన్న గీత పెడితే హియుత్.

రియుల్ ఒక్కటి విడిగా ఉంటుంది. ముందు గియక్ గీసి, దాని కింది కొస నుంచి ఎడమకు తగిలేలా అడ్డగీత, ఆ అడ్డగీత ఎడమ చివర నుంచి నియున్. మొత్తం మూడు గీతలు. ఒకే గీతగా మెలికలు తిప్పి రాసేవాళ్లది వేగంలో మన ‘2’ అంకెలా మారిపోతుంది. మొదట్లో మూడుగానే రాయండి.

గా నా దా రా

ఇప్పుడు వరుస. కొరియన్ పిల్లలు ఆ అచ్చు చేర్చి పాటలా చెబుతారు: గా నా దా రా, మా బా సా, ఆ జా ఛా, ఖా థా ఫా హా. పద్నాలుగూ వచ్చేశాయి. మధ్యలో ఉన్న ఉత్త ‘ఆ’ ఇయుంగ్‌ది. ముక్క మొదట్లో సున్నాకు శబ్దం లేదు, అచ్చుకు ముందు ఖాళీ జాగా నింపడానికే అది ఉంటుంది. ఈ ఒక్క సంగతి మరచిపోయి ‘సా’ నుంచి ‘జా’కు దూకేవాళ్లు చాలామంది. దాంతో నిఘంటువులో అచ్చుతో మొదలయ్యే మాటలన్నీ ఎక్కడున్నాయో తెలియక వెతుక్కుంటారు. అవి స తర్వాత, జ ముందు ఉంటాయి.

క, ఖ, గ, ఘ, ఙ అని స్థానాన్ని బట్టి నేర్చుకున్న మనకు ఈ వరుస గజిబిజిగా కనిపిస్తుంది. నిజానికి 1446లో సెజోంగ్ ఇచ్చిన వరుస మనదానికి చాలా దగ్గర: గ, ఖ, ఙ ఒక జట్టు, ద, థ, న ఒక జట్టు, బ, ఫ, మ ఒక జట్టు. దాన్ని మార్చినవాడు ఛ్వె సెజిన్ అనే పండితుడు. 1527లో పిల్లల కోసం రాసిన చైనా అక్షరాల వాచకంలో ఆయన, ముక్క మొదట్లోనూ అడుగునా వాడే ఎనిమిది హల్లులను ముందు పెట్టి, మొదట్లో మాత్రమే వాడతారన్న వాటిని తర్వాత పెట్టాడు. గ, న, ద, ర, మ, బ, స, ఇయుంగ్ ముందు రావడానికీ, గాలి అక్షరాలన్నీ చివరికి పోవడానికీ మూలం అదే. ఇప్పటి వరుస 1933 నాటి ఉమ్మడి రాత నియమాలతో స్థిరపడింది.

అక్షరాల పేర్లకు కూడా ఒక సూత్రం ఉంది. ఆ హల్లుతో మొదలై, నడుమ ‘ఇయు’ వచ్చి, అదే హల్లుతో ముగియాలి: నియున్, రియుల్, మియుమ్. గియక్, దిగుత్, షిఒత్ మాత్రం దారి తప్పాయి. ఛ్వె సెజిన్ ఈ పేర్లను చైనా అక్షరాలతో రాశాడు, ఆ మూడింటి శబ్దాలకు సరిపోయేవి ఆయనకు దొరకలేదు. ఉత్తర కొరియాలో ఆ మూడింటినీ సరిచేసి గియుక్, దియుత్, షియుత్ అనే అంటారు.

అచ్చులు

నిలువుగీత మనిషి, అడ్డగీత నేల, చుక్క ఆకాశం. చుక్కే కాలక్రమంలో పొట్టి గీత అయింది. నిలువుగీతకు కుడివైపు పొట్టి గీత ఒకటి ఉంటే ఆ, రెండుంటే యా. ఎడమవైపు ఒకటైతే అ, రెండైతే య. అడ్డగీత మీద ఒకటైతే ఒ, రెండైతే యొ. కింద ఒకటైతే ఉ, రెండైతే యు. ఉత్త అడ్డగీతను ‘చదును ఉ’ అందాం. ఉత్త నిలువుగీత ఇ. చెప్పాల్సిన వరుస ఇదే: ఆ, యా, అ, య, ఒ, యొ, ఉ, యు, చదును ఉ, ఇ.

ఇందులో ఇబ్బంది పెట్టేవి రెండు. ‘అ’ అని రాసినది మన అకారానికీ ఒకారానికీ నడుమ ఉంటుంది. పెదవులు గుండ్రంగా చుడితే ఒ అయిపోతుంది, మాట మారిపోతుంది. చదును ఉ పలకాలంటే ఉ అంటూ పెదవులను నవ్వినట్టు పక్కలకు లాగాలి. తడ, సూళ్లూరుపేట వైపు తమిళం వినేవాళ్లకు ఇది కొత్తకాదు: తమిళులు ‘అదు’, ‘ఇదు’ అన్నప్పుడు చివర వినిపించే సగం ఉకారం దాదాపు ఇదే.

పద్నాలుగు హల్లులు నిలువుగా, పది అచ్చులు అడ్డంగా వేసి 140 గళ్ల పట్టిక నింపండి. గా, గ్యా, గ, గ్య, గొ, గ్యొ, గు, గ్యు, చదును గు, గి. ఇదీ గ గుణింతం. కొరియాలో కూడా పాతకాలం నుంచీ పిల్లలు ఇలాంటి పట్టికతోనే నేర్చుకున్నారు. రోజుకు రెండు గుణింతాల చొప్పున రాస్తే వారంలో పూర్తవుతుంది. ఒక్కసారే మొత్తం నింపేస్తే చెయ్యి నొప్పి తప్ప గుర్తుండేది తక్కువ.

రాసేటప్పుడు చూడాల్సింది ఏమిటంటే, నిలువు అచ్చులు హల్లుకు కుడిపక్కన, అడ్డం అచ్చులు హల్లు కింద వస్తాయి. గియక్ తోక నిలువు అచ్చు పక్కన ఉంటే కాస్త ఎడమకు వంగుతుంది. అడ్డం అచ్చు మీద ఉంటే నిటారుగా పొట్టిగా దిగుతుంది. రెండుచోట్లా ఒకేలా గీస్తే తప్పు కాదుగానీ చేతిరాత మొరటుగా కనిపిస్తుంది.

గ, ఖ, క్క

ఇంగ్లీషువాళ్లు కిందామీదా పడే చోట మనకు సగం పని ముందే అయిపోయింది. ఒకే స్థానంలో మూడు శబ్దాలు: మామూలు గ, గాలి వదిలే ఖ, బిగించిన క్క. మనం ‘కాకి’ అనేటప్పటి క దాదాపుగా వాళ్ల క్కతో సమానం. దాన్ని గియక్‌ను రెండుసార్లు పక్కపక్కన ఇరికించి రాస్తారు. ఇలాంటి జంటలు అయిదు: క్క, త్త, ప్ప, స్స, చ్చ.

వేలెడు వెడల్పు న్యూస్‌పేపరు ముక్క చించి పెదవుల ముందు పట్టుకోండి. ఖా అంటే కాగితం ఎగరాలి. క్కా అంటే కదలకూడదు. మన సమస్య ఎక్కడంటే, ‘ఖర్చు’ను ‘కర్చు’ అనే అలవాటు వల్ల ఖా దగ్గర కూడా కాగితం కదలదు. ఫ మరీ మోసం. ‘ఫోను’ అన్నట్టు పై పన్ను పెదవికి తగిలిస్తే అది కొరియన్ ఫ కాదు. రెండు పెదవులూ మూసి, ప అంటూ గాలి వదలాలి.

మామూలు గ మాట మొదట్లో మెత్తని క లాగా, రెండు అచ్చుల మధ్య గ లాగా వినిపిస్తుంది. ద, బ, జ కూడా అంతే. ఇప్పటి సియోల్ యువతరం మాటలో ఖా అన్నప్పుడు గొంతు స్థాయి పైకి లేస్తుంది, గా అన్నప్పుడు కింద ఉంటుంది. గాలి తేడా చెవికి అందకపోతే ఈ ఎత్తుపల్లాన్ని పట్టుకోండి.

నెల్లూరు రాసి చూడండి

మొదటి ముక్క నెల్: ఎడమ పైన నియున్, కుడిపక్క ఎ అచ్చు, రెండింటి కింద గడి వెడల్పంతా రియుల్. ఈ ఎ అంటే ‘అ’ పక్కన ‘ఇ’ చేర్చినది: రెండు నిలువుగీతలు, మొదటిదానికి ఎడమవైపు పొట్టి గీత. రెండో ముక్కలో పైన రియుల్, కింద ఉ. మూడో ముక్కలో కూడా పైన రియుల్, కింద ఉ. రెండూ అచ్చంగా ఒకటే. అయినా మొదటిది లు, రెండోది రు అని చదువుతారు. రియుల్‌కు ముందు మరో రియుల్ పొల్లుగా ఉంటే ల పలుకుతుంది, రెండు అచ్చుల మధ్య ఒంటరిగా ఉంటే ర పలుకుతుంది. నెల్ అడుగున ఆ రియుల్ మరిచారా, ఊరు కాస్తా ‘నెరురు’ అవుతుంది.

ఒంగోలు ఇంకో పాఠం. మొదటి ముక్కలో పైన సున్నా, నడుమ ఒ, అడుగున సున్నా. పై సున్నాకు శబ్దం లేదు, అడుగు సున్నా ‘ంగ్’. తర్వాత గొల్, ఆ తర్వాత లు. ఓకారం పొడవు రాతలో ఎక్కడా కనిపించదు. కావలి అయితే ఖాబాల్లి: వాళ్లకు వ హల్లు లేదు కాబట్టి బియుప్, పరభాషా మాటల్లో క, ట, త, ప లాంటి స్పర్శాలకు బిగించిన అక్షరాలు వాడకూడదన్న నియమం వల్ల క బదులు ఖియుక్. మన ట, త తేడా కూడా అక్కడ నిలవదు, రెండూ థియుతే.

అడుగున వచ్చే హల్లును బాచ్ఛిమ్ అంటారు. రాయడానికి జంటలతో కలిపి 27 రకాలున్నా, పలికేవి ఏడే: క్, న్, త్, ల్, మ్, ప్, ంగ్. స, జ, ఛ, థ, హ ఏది అడుగున పెట్టినా ఒంటరిగా పలికితే త్. షిఒత్, జియుత్, ఛియుత్, థియుత్, హియుత్ అన్నీ ‘త్’తో ముగుస్తున్నట్టు వినిపించేది అందుకే. కోడిని దాక్ అంటారు, రాతలో అడుగున రియుల్, గియక్ రెండూ ఉంటాయి. విన్నదాన్ని బట్టి రాస్తే నిఘంటువులో ఎప్పటికీ దొరకదు.

నిఘంటువు వరుస

పద్నాలుగు హల్లుల మధ్య అయిదు జంటలు చేరి 19 అవుతాయి. ప్రతి జంటా తన ఒంటి అక్షరం వెనకే వస్తుంది: గ, క్క, న, ద, త్త, ర, మ, బ, ప్ప, స, స్స, ఇయుంగ్, జ, చ్చ, ఛ, ఖ, థ, ఫ, హ.

అచ్చులు 21. కలయిక అచ్చులను శబ్దంతో కాక, వాటిలో కలిసిన అచ్చులతో గుర్తుపెట్టుకోండి: ఆ, ఆ-ఇ, యా, యా-ఇ, అ, అ-ఇ, య, య-ఇ, ఒ, ఒ-ఆ, ఒ-ఆ-ఇ, ఒ-ఇ, యొ, ఉ, ఉ-అ, ఉ-అ-ఇ, ఉ-ఇ, యు, చదును ఉ, చదును ఉ-ఇ, ఇ. శబ్దంతో ఎందుకు వద్దంటే, ఈ రోజుల్లో ఆ-ఇ, అ-ఇ రెండూ చాలామంది నోట ఎ గానే వస్తాయి. ఒ-ఆ-ఇ, ఒ-ఇ, ఉ-అ-ఇ మూడూ వె. చెవి నమ్ముకుంటే తప్పు పేజీకి పోతారు.

పొల్లు లేనిది ఒకటి, ఉన్నవి 27, మొత్తం 28. ఇలా 19, 21, 28 గుణిస్తే 11,172 ముక్కలు. కంప్యూటర్ల యూనికోడ్‌లో కొరియన్ ముక్కలు సరిగ్గా ఇన్నే, ఇదే వరుసలో ఉంటాయి.

ఇప్పుడు మన జిల్లాలకు తగిన మాటలతో ఒక పరీక్ష. వీటిని వరుసలో పెట్టండి: సొగుమ్ (ఉప్పు), ప్పాంగ్ (రొట్టె), బాప్ (అన్నం), అబు (జాలరి), దాక్ (కోడి), బాజి (ప్యాంటు), స్సాల్ (బియ్యం), గె (పీత), బ్య (వరి), సెఉ (రొయ్య), సొ (ఎద్దు, ఆవు), దామ్‌బె (పొగాకు, సిగరెట్టు), బాదా (సముద్రం), బి (వాన). పీతలో ఉన్నది అ-ఇ, రొయ్యలో ఉన్నది ఆ-ఇ.

జవాబు: గె, దాక్, దామ్‌బె, బాదా, బాజి, బాప్, బ్య, బి, ప్పాంగ్, సెఉ, సొ, సొగుమ్, స్సాల్, అబు.

ఎక్కువమంది బోల్తాపడేది బాజి, బాప్ దగ్గర. అక్షరం వెంట అక్షరం పోలిస్తే బ-ఆ-బ ముందు, బ-ఆ-జ తర్వాత రావాలి కదా అనిపిస్తుంది. కానీ పోల్చాల్సింది ముక్కను. బాజిలో మొదటి ముక్క ‘బా’, పొల్లు లేనిది. పొల్లు లేని బా మాటలన్నీ అయిపోయాకే ‘బాప్’. రెండో తప్పు ప్పాంగ్‌ను బాప్ పక్కన పెట్టడం. బ గుణింతం మొత్తం, బి అడుగున పొల్లులతో సహా పూర్తయ్యాకే ప్ప మొదలవుతుంది. దాక్ దామ్‌బె కంటే ముందుండడానికి కారణం, రియుల్‌తో మొదలయ్యే జంట పొల్లులు మియుమ్ కంటే ముందు రావడం.

ఉత్తర కొరియా నిఘంటువు చేతికొస్తే లెక్క మారుతుంది. అక్కడ జంట అక్షరాలన్నీ హ తర్వాత, అచ్చుతో మొదలయ్యే మాటలు అన్నింటికన్నా చివర. అచ్చుల్లో కూడా పది మూలాచ్చులు ముందు, కలయికలు తర్వాత. పై జాబితా బి వరకు అలాగే ఉండి, ఆపై సొ, సొగుమ్, సెఉ, ప్పాంగ్, స్సాల్, అబు అవుతుంది.

దక్షిణ కొరియాలో తరగతి హాజరు పట్టీలు, పేర్ల జాబితాలు మామూలుగా గానాదా వరుసలోనే ఉంటాయి. అక్కడి కారు నంబరు ప్లేటు మీద కూడా అంకెల మధ్య ఒక ముక్క కనిపిస్తుంది. అది హా, హ, హొలలో ఒకటైతే అద్దె కారు.

ఫోన్లో టైపు చేసేటప్పుడు

కీబోర్డు సెట్టింగుల్లో భాషల జాబితాలోకి వెళ్లి కొరియన్ చేర్చుకోండి. మామూలుగా వచ్చే దుబల్‌షిక్ అమరికలో హల్లులు ఎడమచేతి వైపు, అచ్చులు కుడిచేతి వైపు ఉంటాయి. ఇది గానాదా వరుస కాదు, విడిగా అలవాటు చేసుకోవాల్సిందే. జంట హల్లులకు షిఫ్ట్ నొక్కాలి. ఛన్‌జిఇన్ అమరికలో అచ్చులకు మూడే మీటలు: నిలువుగీత, చుక్క, అడ్డగీత. అచ్చుల నిర్మాణం అర్థమైనవాళ్లకు చిన్న ఫోన్ల మీద ఇదే హాయి.

నెల్లూరుకు ఏడు మీటలు: నియున్, ఎ, రియుల్, రియుల్, ఉ, రియుల్, ఉ. మూడో రియుల్ నొక్కగానే అది ‘లు’ కిందికి పొల్లుగా చేరి ‘లుల్’ అన్నట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్లు కంగారుపడి చెరిపేస్తారు. చెరపొద్దు. తర్వాతి ఉ నొక్కితే ఆ రియుల్ తనంతట తానే పక్క ముక్కలోకి దూకుతుంది.